ముక్కుకు తెలిసిన చెరువులు

మెల్లగా పోదామనే బయలుదేరాం, నేనూ నా కుక్క చుక్కా. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లమచ్చ, వీధిలో పుట్టిన పుట్టుక. కారెక్కితే చాలు, కిటికీలోంచి మెడ చాచి గాలిని ఆబగా తాగుతుంది. అమీన్‌పూర్ నుంచి సింగూరు జలాశయం దాకా, చెరువు కనిపించిన చోటల్లా ఆగుతూ, కట్టల మీద నడుస్తూ, పొద్దుగూకేలోగా చేరితే సరి. ఒకప్పుడీ దారంతా చెరువుల సీమ. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు కడుపు నిండేది; కింది చెరువు పొంగితే వాగు గలగలమంటూ మంజీర నదికి కబురు మోసుకుపోయేది. ఆ నీటి వరసలు పట్టుకుని పోవాలని నా ఆశ. వాసనల వరసలు పట్టుకుని పోవాలని దానిది.

అమీన్‌పూర్ చెరువు ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిదంటారు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరపు ఒడిలో ఉన్న చెరువుకు అంతకుముందు దేశంలో ఎక్కడా దక్కని గౌరవం. నీళ్ల మీద ఇంకా రెక్కలు వాలుతూనే ఉన్నాయి. అపార్టుమెంట్లు మాత్రం పెళ్లి పందిట్లో పిలవని చుట్టాల్లా ముందుకూ ముందుకూ జరుగుతున్నాయి.

గండిగూడెం చెరువు చేరేసరికి ఎండ ఏటవాలుగా పడి నీరంతా కరగబోసిన పచ్చలరాశి. ఒడ్డు వెంట తెల్లని నురగ. ఎంత సొగసు! నా కన్ను మురిసి ముగ్ధమై నిలిచింది. చుక్క కట్ట దిగి పది అడుగులు వేసి ఆగిపోయింది. మెడ మీది వెంట్రుకలు లేచాయి. ముక్కు చీదింది. తోక ముడిచి నా కాళ్ల సందుకు వచ్చి చేరింది. బర్రెలు తోలుకుపోతున్న ముసలమ్మ కట్ట మీద నుంచే కేకేసింది: "కుక్కను నీళ్లల్లకు పోనియ్యకు బిడ్డా, పుండ్లయితయి!" తన బర్రెల్ని కూడా ఆ వైపు తిరగనివ్వకుండా కట్టెతో అదిలిస్తూ వెళ్లిపోయింది.

ఈ చెరువులో చచ్చిన చేపలు తెల్లగా తేలిన ఉదయాలు ఒకటీ రెండూ కావు. కన్ను లంచగొండిది. కాస్త ఎండ, కాస్త రంగు, కాస్త మెరుపు చేతిలో పెడితే ఏ నీటినైనా ఒప్పేసుకుంటుంది. చుక్క ముక్కుకు ఆ అలవాటు లేదు.

ఏమయ్యావు తల్లీ, గంగమ్మా? తుంగా జమ్మూ పెనవేసుకున్న నీ ఒడ్డులేవి? తామరాకు మీద దొర్లాడిన నీ తొలకరి ముత్యాలేవి? తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలు ఆడబిడ్డల చేతుల్లోంచి జారి నీ ఒడిలో ఊగిన రాత్రులేవి? గంగపుత్రుల వలల్లో తుళ్లిపడిన వెన్నెలేది? కట్టమైసమ్మ ఇంకా పసుపు కుంకుమలతో కట్ట మీదే ఉంది. కాపలా కాయడానికి ఆమెకు మిగిలిందేమిటి?

1970లలో ఈ పటాన్‌చెరు నేల మీద మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు మొలిచాయి. వాటితో ఎన్నో ఇళ్లల్లో పొయ్యిలు వెలిగాయి, అది అబద్ధం కాదు. బావులు చెడింది కూడా అబద్ధం కాదు. ఊళ్లకు తాగునీరు వేరేచోటి నుంచి తేవాల్సి వచ్చింది. ఇక్కడే వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు రోగుల ఒంటి మీద చెరువుల జబ్బును చదివి ఏళ్లకేళ్లు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన కాలుష్యం కేసు హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్‌కు చేరి, తీర్పు వచ్చేసరికి 2017. ఆ కేసు పడిన ఏడాది పుట్టిన పిల్లకు అప్పటికి 27 ఏళ్లు.

పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి జొన్న, సజ్జ, కంది గింజలతో పటాన్‌చెరు పేరును దేశదేశాలకు మోసింది. 2007లో ఆ పేరు మరో తోవన పోయింది. ఇక్కడి ఫ్యాక్టరీల ఉమ్మడి మురుగుశుద్ధి కేంద్రం వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. కొన్ని రకాల సూక్ష్మజీవులకు విషమయ్యే మోతాదుకు అది వెయ్యి రెట్ల పైమాట. శుద్ధి చేశాక వాగులోకి వదిలిన నీరు సుమా! జ్వరం తగ్గించే మందు వాగుకు జ్వరం తెచ్చింది. ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులకు ఆ వాగే బడి.

సంగారెడ్డి దాటి కల్పగూరు దగ్గర మంజీర అభయారణ్యం. 1978 నుంచి మొసళ్లకు ఇది పుట్టిల్లు. కుక్కలకు ప్రవేశం లేదు. గేటు బయటి నీడలో చుక్కను ఉంచి నేను తొంగి చూసి వచ్చాను. సింగూరు కట్ట మీదికి ఎక్కేసరికి దాని ఒళ్లంతా ముక్కే అయింది. బురద, నాచు, చేప, తడిసిన గడ్డి, ఏవేవో రెక్కల తేమ: ఒక్కొక్కటీ విడివిడిగా పీల్చి, నీటి వైపు ఒక్క ఉదుటున లాగింది. గొలుసు బిగపట్టి ఆపాను. ఇక్కడా మొసళ్లుంటాయి. గండిగూడెంలో భయపడ్డది మొహం లేని దానికి. ఇక్కడి భయానికి కోరలున్నాయి, కళ్లున్నాయి, ఆకలి ఉంది. ఇలాంటి భయమున్న నీటికి దండం పెట్టబుద్ధేసింది.

దాహంతో రొప్పుతుంటే ఇంటి నల్లా దగ్గర నింపుకొచ్చిన సీసా తీసి దోసిట్లో పోశాను. గటగటా తాగింది. ఆ నీళ్లూ ఈ మంజీర నదివే. లావుపాటి గొట్టాల్లో పటాన్‌చెరు మీదుగా నగరం చేరినవి. అదే పటాన్‌చెరు నుంచి 18 కిలోమీటర్ల మరో గొట్టం ఫ్యాక్టరీల మురుగును నగరపు మురుగులో కలుపుతుంది. అక్కణ్నుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రం, ఆ పైన మూసీ నది. మంజీర తీపి మా నల్లాకు, పటాన్‌చెరు చేదు మూసీకి. మూసీ ఒడ్డున పుట్టిన చుక్కలకు ఎవరు దోసిలి పడతారు?