సీసా తిప్పి చదివిన అమ్మాయి

పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో, జ్వరాలతో పాటు ఒక సందేహం కూడా నా క్లినిక్‌కి వస్తుంది. మొన్న ఒక తల్లి మూడేళ్ల కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పక్కన నిలబడ్డ కూతుర్ని చూపించింది. "దీనికి లెక్కలంటే భయం మేడమ్. బైపీసీలో చేర్పిద్దామనుకుంటున్నాం. డాక్టరు చదువుకి లెక్కలతో పనుండదు కదా?"

అందులో సగం నిజమే. నీట్‌లో గణితం పేపరు లేదు. 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివి. భౌతికశాస్త్రం ప్రశ్నలు 45, వాటికి మాత్రం లెక్క చేయడం రావాలి. ఎంబీబీఎస్‌లో చేరాక కలన గణితం ఎవరూ అడగరు. వార్డులో నేను రోజూ వాడేది బళ్లో నేర్చుకున్న అనుపాతమే.

పిల్లలకు జ్వరం మందు బరువును బట్టి ఇస్తాం. పారాసిటమాల్ అయితే కిలోకు 15 మిల్లీగ్రాములు. ఎనిమిది కిలోల పాపకు 120. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. చిక్కంతా సీసాలో ఉంది. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములుంటే, ఇంకోదాంట్లో 250 ఉంటాయి. చుక్కల మందులోనైతే ఒక్క మిల్లీలీటరుకే 100.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒకసారి, రాత్రి రెండు దాటాక, అలాంటి పాపకే కేస్ షీట్‌లో 5 మిల్లీలీటర్లు అని రాశాను. నా మనసులో ఉన్నది 125 సిరప్. వార్డులో ఉన్నది చుక్కల మందు. సిస్టర్ ఆ సీసా పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "మేడమ్, ఇది డ్రాప్స్. ఇంకోసారి చూడండి." రాసింది రాసినట్టు పోసి ఉంటే 500 మిల్లీగ్రాములు, నాలుగింతలు దాటి పాప కడుపులోకి వెళ్లేవి. నా గుణకారం తప్పలేదు. ఏ సీసాకు లెక్క వేస్తున్నానో చూడలేదు, అంతే. సీసా మీది అక్షరాలు చదవడం, వేసిన లెక్కను తిరగేసి సరిచూడటం ఆ రాత్రి నుంచి ఒక్కనాడూ మానలేదు.

రిపోర్టులు చదవడానికి ఇంకో లెక్క కావాలి. వెయ్యి మందిలో పది మందికుండే జబ్బుకు, నూటికి తొంభైసార్లు సరిగ్గా చెప్పే పరీక్ష చేశామనుకుందాం. జబ్బున్న పదిమందిలో తొమ్మిది మందికి పాజిటివ్ వస్తుంది. జబ్బు లేని 990 మందిలోనూ 99 మందికి వస్తుంది. మొత్తం 108 మందిలో నిజంగా రోగులు 9 మందే. ఈ సంగతి ఎరిగిన డాక్టరు ఒక్క కాగితం చూసి ఇంటిల్లిపాదినీ ఏడిపించరు.

ఆ అమ్మాయి చేతికి 250 సిరప్ సీసా ఇచ్చాను. తమ్ముడి బరువు 12 కిలోలు, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఎంత పోయాలో చెప్పమన్నాను. పెదాలు కదుపుతూ కాసేపు ఆలోచించి, "3.6 మిల్లీలీటర్లు" అంది. సరైన జవాబే. నేను ఏమీ అనకముందే సీసా తిప్పి, లేబుల్ మళ్లీ చదివి, తనలో తాను ఇంకోసారి లెక్క వేసుకుంది.

"చేర్పించండమ్మా" అన్నాను తల్లితో.