కలిసి పుట్టిన వెలుగులు

డిసెంబరులో నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాటెక్కితే, చలి మొదలయ్యే చోటే ఆకాశమూ మొదలవుతుంది. లంబసింగి మంచు కోసం వచ్చే కార్లన్నీ తెల్లవారుజాముకు చేరాలని పరుగు తీస్తాయి. అక్కడి మరో వైభవం మాత్రం రాత్రి పదికల్లా నడినెత్తికి వచ్చి నిలబడుతుంది. పంచాంగానికి అది కృత్తిక. పెద్దవాళ్లకు పిల్లలకోడి. మామూలు కంటికి ఆరేడు చుక్కలు. వాటి వెనక వెయ్యికి పైగా నక్షత్రాలున్నాయి, అన్నీ ఒకే మేఘంలో పుట్టిన తోబుట్టువులే. ఇలాంటి నక్షత్ర కుటుంబాలను చదవడమే డాక్టర్ ప్రియా హసన్ పని.

హైదరాబాదులో ఉస్మానియాలో పరిశోధన చేసి, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెబుతున్న ఖగోళ భౌతిక శాస్త్రవేత్త ఆమె. సృష్టి ఆస్ట్రానమీ వేదికగా ఆకాశాన్ని జనంలోకి తెచ్చిన వక్త కూడా. ఈ రెండు పనులనూ వేరు చేసి పొగడటం తేలిక. నాకు మాత్రం రెండింటిలోనూ ఒకే రసం కనిపిస్తుంది. దాన్ని అద్భుతం అని మాత్రమే అంటే సగమే చెప్పినట్టు.

ముందు వస్తువు చూడండి. నక్షత్ర గుచ్ఛంలో అందరి వయసూ ఇంచుమించు ఒకటే, దూరమూ ఒకటే, పుట్టిన పదార్థమూ ఒకటే. తేడా ఒక్క బరువులోనే. ఆ ఒక్క తేడా నుంచే రంగు, వెలుగు, ఆయువు అన్నీ విడిపోతాయి. బరువైనది నీలంగా ప్రజ్వరిల్లి కొద్దికాలంలోనే ముగుస్తుంది. తేలికైనది ఎర్రగా, పొదుపుగా, వేల కోట్ల ఏళ్లు బతుకుతుంది. అన్నీ సమానంగా ఉంచి ఒక్కదాన్ని మాత్రం మార్చి చూడటం ప్రయోగశాలలో మనిషి చేసే పని. ఇక్కడ దాన్ని ప్రకృతే చేసి పెట్టింది. ఇంత నిరాడంబరమైన ఇతివృత్తాన్ని ఎన్నుకోవడంలోనే ఒక అభిరుచి ఉంది.

అయితే ఈ కుటుంబంలో ఎవరు సొంతవాళ్లు, ఎవరు దారిన పోయేవాళ్లు? కృత్తికకు కాస్త తూర్పున ఎర్రగా మెరిసే రోహిణిని చూస్తే, చుట్టూ ఉన్న చుక్కల గుంపుకు అదే పెద్దదిక్కని ప్రమాణం చేస్తాం. కానీ ఆ గుంపు దాదాపు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, రోహిణి సుమారు 65 దగ్గరే ఆగిపోయింది. మన చూపు దారిలో అడ్డొచ్చిన పరాయి తార అది. గుచ్ఛాలను చదివేవారికి మొదటి పరీక్ష ఇదే: కదలికలు కొలిచి, రంగులు సరిపోల్చి, సభ్యులను ఏరుకోవాలి. కంటికి అందంగా కుదిరిందని దేన్నీ ఒప్పుకోకూడదు. 2008లో జి. సి. కిలంబి, ఎస్. ఎన్. హసన్‌లతో కలిసి ఆమె మూడు పడుచు గుచ్ఛాలను సమీప పరారుణ కాంతిలో పరిశీలించిన వ్యాసం ఈ ఓర్పుకు మంచి మచ్చు. పరారుణ కాంతి ధూళిని దాటి వస్తుంది కనుక, మామూలు వెలుగులో ముసుగు చాటున ఉండిపోయే తారలూ లెక్కలోకి వస్తాయి.

ఆ తర్వాత వచ్చిన ప్రశ్న నన్ను మరింత కట్టిపడేసింది. గుచ్ఛాల్లో చాలాచోట్ల బరువైన తారలు నడుమన గుమిగూడి, తేలికైనవి అంచులకు జరిగి ఉంటాయి. ఎదురుపడ్డప్పుడల్లా పెద్దవి తమ వేగాన్ని చిన్నవాటికి ఇచ్చి లోపలికి దిగుతాయి, చిన్నవి ఆ వేగంతో బయటికి పోతాయి, కొన్ని ఇల్లే విడిచిపోతాయి. మరి ఈ అమరిక కాలం చేసిందా, పుట్టుకతోనే వచ్చిందా? భిన్న పరిసరాల్లోని గుచ్ఛాలను తీసుకుని 2011లో ఆమె, ఎస్. ఎన్. హసన్ కలిసి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ఈ సంగతే తర్కించారు.

దీన్ని తేల్చడానికి ఈ రంగంలో వాడే ఒక పద్ధతి ముగ్గును తలపిస్తుంది. తారలను చుక్కలనుకుని, ఏ చుక్కనూ వదలకుండా అతి తక్కువ పొడవు గీతతో కలపాలి. షరతు ఒక్కటే: గీత ఎక్కడా చుట్టుకుని మూసుకోకూడదు. బరువైన తారలను ఇలా కలిపిన గీత, అంతే సంఖ్యలో యాదృచ్ఛికంగా తీసుకున్న తారల గీత కన్నా పొట్టిదైతే, పెద్దలు దగ్గరగా చేరారని అర్థం. విడిపోవడాన్ని కొలవడానికి కలిపే గీత కావలసి వచ్చింది! శాస్త్రంలో ఇంత చక్కని శిల్పం ఎదురైనప్పుడు ఆలంకారికుడు కూడా తలవంచాలి.

కలిసి పుట్టడం, వేగం పంచుకోవడం, చెదిరిపోవడం: ఇది కరుణ రసానికి సరిపోయే కథ. కృత్తిక కూడా కొన్ని కోట్ల ఏళ్లకు విడిపోతుంది. మన సూర్యుడూ ఇలాంటి గుంపులోనే పుట్టి ఉంటాడనీ, 460 కోట్ల ఏళ్లలో తోబుట్టువులందరూ ఎటో వెళ్లిపోయారనీ శాస్త్రజ్ఞుల అంచనా. అయినా ఈ కథలో ఏడుపు లేదు. శోకానికి ఆశ్రయమైన పాత్ర లేకుండా వియోగం ఒక్కటే మిగిలినప్పుడు అది శాంతానికి దగ్గరవుతుంది. అద్భుతంతో మొదలై శాంతంలో కుదురుకునే ఈ నడకే ఆమె విషయానికి ప్రాణం.

ఈ సాధన ఒంటరిది కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని తారల పట్టిక రాసిన ప్రపంచ దేశాల కూటమిలో తన వంతు నెరవేర్చింది. తర్వాత ఉస్మానియా చేతికి వచ్చింది. 1968లో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని వెలిసింది. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పాలని పుట్టిన ఉస్మానియాలో ఆకాశాన్ని చదివిన మనిషి, ఇప్పుడు ఉర్దూలో బోధించే మరో విశ్వవిద్యాలయంలో ఉండటం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది.

ఇక ఆమె రెండో పని, ఆకాశాన్ని జనానికి చెప్పడం. ఆలంకారికుడు భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఇక్కడ కొత్త పనికి దిగుతుంది. నాటకంలో రాముడి దుఃఖం రాముడిది కాకుండా పోయినట్టు, మంచి వక్త చేతిలో శాస్త్రజ్ఞుల లెక్క శాస్త్రజ్ఞుల సొత్తు కాకుండా పోతుంది. ఐతే ఒక చిక్కుంది. ఆకాశం తనంతట తానే అందమైనది కనుక, దాని గురించి మాట్లాడేవాళ్లు పెద్ద అంకెలు చెప్పి నోళ్లు తెరిపించి ఊరుకోవచ్చు. అది విస్మయమే, కానీ స్థాయిభావం దగ్గరే ఆగిపోయిన విస్మయం. రోహిణి పరాయిదని చెప్పడంతో సరిపోదు, పరాయిదని ఎలా తెలిసిందో విన్నవాడి చేత అడిగించాలి. సభ్యులను ఏరడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి జనంలోకి వచ్చి మాట్లాడటంలోని విలువ అదే. ఆ ప్రశ్న పుట్టిన తర్వాత లంబసింగిలో చలి కాచుకుంటున్న కుర్రవాడికీ పరిశోధకురాలికీ మధ్య మిగిలే తేడా పనిముట్లలోనే. రసాస్వాదనలో ఇద్దరూ సమానులే.