టర్బో ఊపిరి వినే చెవి

ఖరగ్‌పూర్ మథురాకాటిలో తెల్లారితే తెలుగు మాటే వినిపిస్తుంది. రైల్వే పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. అక్కణ్ణుంచి టిఫిను క్యారేజీ పట్టుకుని డీజిల్ షెడ్డుకు వెళ్లిన ఫిట్టర్లంటే నాకు ఎంతో గౌరవం, ముఖ్యంగా టర్బో చూసేవాళ్లంటే.

పాత డబ్ల్యూడీఎం-2 ఇంజిన్ది 2600 గుర్రాల బలం. ఆ బలమంతా గాలిలోనే ఉంది. బయటికి పోయే పొగ తోపుకే తిరిగే టర్బో 16 సిలిండర్లలోకి గాలి కూరుతుంది. గాలి చాలకపోతే డీజిల్ సరిగా మండక నల్లపొగ చిమ్ముతుంది. ఖరగ్‌పూర్ పల్లంలో గాలికి కొదవలేదు. అరకు దారిలో, దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ దగ్గర అది పదోవంతు పలచబడుతుంది. అదే బలం తీయాలంటే టర్బో మరింత వేగంగా తిరగాలి, హద్దు మీరితే బేరింగులు పోతాయి. అందుకే ఎత్తు ప్రదేశాల్లో డీజిల్ ఇంజిన్లకు ఇంధనం కాస్త తగ్గించి అమరుస్తారు.

వీళ్ల పనిలో నాకు బాగా నచ్చేది రన్‌డౌన్ పరీక్ష. వేడెక్కిన ఇంజిన్‌ను ఆపేస్తారు. టర్బో మాత్రం సన్నగా ఈలవేస్తూ తిరుగుతూనే ఉంటుంది. ఫిట్టరు చూపు గడియారం మీద, చెవి టర్బో వైపు. 90 నుంచి 180 సెకన్ల మధ్య రోటరు ఆగాలి. ముందే ఆగిందంటే లోపల ఎక్కడో పట్టేస్తున్నట్టు. ఈల మధ్యలో చిన్న గీరుడు వినిపించినా చాలు, ఆయన తల అడ్డంగా ఊపుతాడు.

“ఒరే తమ్ముడూ, దీన్ని లైనుకి పంపకు. విప్పుదాం.”