ఆఫ్రికానరుల సంఘచరిత్ర: రచనావిమర్శ

డచ్చివారు మొదలగు ఐరోపీయుల సంతతివారైన దక్షిణాఫ్రికా ఆఫ్రికానరులు తమ సంస్కరణ సంఘమును గూర్చి వ్రాసికొనిన చరిత్రలు పెక్కు ఒకే మూసలో పోయబడినవి. 1830వ దశకమున ఆంగ్లప్రభుత్వము నొల్లక, కేపు సీమను విడిచి, ఎద్దుబండ్లపై తరలిన రైతుల వలస వానిలో ఇశ్రాయేలీయుల నిర్గమనముగ వర్ణింపబడినది. 1838 డిసెంబరు 16వ తేదీన జూలూలపై గలిగిన జయము వారి మ్రొక్కునకు దేవు డొసగిన ఫలముగ కీర్తింపబడినది. ఇట్లు జాతికథయే సంఘకథ యైనది.

సంఘముయొక్క స్వంత తీర్మానములే యీ మూసను భగ్నము చేయుచున్నవి. 1829లో కేపు మహాసభ, విశ్వాసులందరును వర్ణభేదము లేక ప్రభువు బల్లను కలిసియే పంచుకొనవలెనని నిర్ణయించెను. 1837లో ఆ మహాసభయే వలసను ఆమోదింపక, మోషే గాని అహరోను గాని లేని అరణ్యయాత్ర యని విచారించెను. 1857లో మాత్రము, కలసి ఆరాధించుటయే లేఖనానుసారమని యొప్పుకొనుచునే, కొందరి దౌర్బల్యమును బట్టి వేరు మందిరములు ఉండవచ్చునని సడలింపు నిచ్చెను. ఆ దౌర్బల్యము తెల్లవారిదే. 1881లో మిశ్రసంతతి విశ్వాసులకు వేరు సంఘ మేర్పడినది. 1974 నాటి సంఘనివేదికలో జాతుల వేర్పాటునకు లేఖనసమర్థనయే లభించినది. సడలింపు సిద్ధాంతమైన ఈ క్రమమును చూపని చరిత్ర చరిత్ర కానేరదు.

ప్రశ్నించుట సులభము కాలేదు. 1979లో చరిత్రకారుడు వాన్ యార్స్‌వెల్డు ఆ మ్రొక్కుదినమును గూర్చి ప్రిటోరియాలో ప్రసంగించుచుండగా, కొందరు దుండగులు ఆయనపై తారు పోసి యీకలు చల్లిరి. ఆఫ్రికానరులు తొలినుండియు తమ్ము దేవు డెన్నుకొనిన ప్రజగ భావించిరనుట పిదప అల్లిన కథయే యని 1983లో ఆంద్రే డు టాయిట్ వాదించెను.

మరియొక దోషము కలదు. వేరుచేయబడిన సంఘముల వృత్తాంతము 'మిషను' అధ్యాయమున మూలకు త్రోయబడుచున్నది. కాని ఐక్యతను, సమాధానమును, న్యాయమును చాటిన బెల్హార్ విశ్వాసప్రకటన 1982లో పుట్టినది ఆ 1881 నాటి సంఘమునందే. వెలివేయబడినవారే మూలసిద్ధాంతమును నిలిపిరి.

అట్లని సర్వమును భూమ్యాశకు తొడిగిన భక్తివేషమనుటయు తొందరపాటే. ఆ వేదిక మీదనే బోధించి, 1963లో మనస్సాక్షికై దానిని వదలుకొనిన బేయర్స్ నౌదే ఆ వాదమున కందడు. కావున సంఘచరిత్రకారుడు జాతి విజయములను లెక్కించుట మాని, బల్లయొద్ద ఎవ్వరు కూర్చుండిరి, ఎవ్వరు లేపబడిరి, ఏ వాక్యము జూపి లేపబడిరి అని విచారింపవలెను.