వేలికొసల విద్య

నీట్ పరీక్ష వ్రాసి ఫలితములకై ఎదురుచూచు వేసవి దినములను మా బంధువులలోని యొక బాలిక విశాఖపట్టణమున నొక వైద్యుని వెంట వార్డులో గడిపెను. పల్లెటూరి బడిలో చదివి, రోగికి తోడు వచ్చిన మనిషిగా తప్ప ఆసుపత్రి నెరుగని ఆ బాలికకు ఆయన మొదట పుస్తకమును గాని యంత్రమును గాని చూపక, రోగి కడ నెట్లు నిలువవలెనో, ఎట్లు పలుకరింపవలెనో, ఎట్లు చూడవలెనో మాత్రమే నేర్పెను. వైద్యవిద్యలో మిక్కిలి విలువైనదియు, నేడు మిక్కిలి ఉపేక్షకు గురియైనదియు నీ భాగమే యని నా దృఢ విశ్వాసము.

రోగి శరీరమును పరీక్షించుటకు వైద్యులు పాటించు క్రమము నాలుగంచెలది: చూచుట, తాకుట, తట్టుట, వినుట. మంచమునకు రోగి కుడిప్రక్కన నిలిచి, అతని యనుమతి నడిగి, చల్లని చేతులను ఒండొంటితో రాచి వెచ్చజేసికొని, నొప్పి యున్న చోటికి దూరముగా నారంభించి మెల్లమెల్లగా దానిని సమీపింపవలెను. పొట్టను తడవునపుడు వైద్యుని దృష్టి పొట్టపై గాక రోగి ముఖముపై నుండవలెను. నోరు విప్పి చెప్పని బాధను ముడిపడిన కనుబొమలు చెప్పును.

ఈ నాలుగింటిలో తట్టుట యను ప్రక్రియ చరిత్ర మనోహరమైనది. ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరమున పూటకూళ్లయింటి యజమాని కుమారుడై పుట్టిన లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్, వియన్నాలో వైద్యుడై, రోగుల రొమ్ముపై వ్రేళ్లతో తట్టి, లోపల గాలి యున్నదో నీరు చేరినదో ధ్వనిభేదమును బట్టి గుర్తింపవచ్చునని 1761లో నొక చిన్న గ్రంథమున ప్రకటించెను. సమకాలికులలో పెక్కురు దానిని లెక్కసేయలేదు. నెపోలియన్ వైద్యుడైన కొర్విసార్ 1808లో దానిని ఫ్రెంచిలోనికి అనువదించిన పిదపనే యా విద్యకు వ్యాప్తి కలిగెను. ఆ మరుసటి యేడే ఔయెన్‌బ్రుగ్గర్ కన్నుమూసెను. సంతలో కుండ కొనునపుడు వ్రేలితో కొట్టి బీటను కనిపెట్టు మన ఇల్లాండ్రకు, ధ్వనిని బట్టి లోపలి స్థితిని ఎరుగు తర్కము క్రొత్తది కాదు.

నేటి పద్ధతిలో ఎడమచేతి నడిమివ్రేలిని ప్రక్కటెముకల నడుమ గట్టిగా నానించి, తక్కిన వ్రేళ్లను పైకెత్తి, కుడిచేతి నడిమివ్రేలి కొనతో దానిపై కొట్టవలెను. కదలిక మణికట్టునుండి రావలెను గాని మోచేతినుండి కాదు. కొట్టిన వ్రేలు వెంటనే పైకి లేవవలెను. ఒకవైపు తట్టిన చోటనే రెండవవైపునను తట్టి, రెంటిని పోల్చి చూడవలెను. ఆ బాలిక మొదట తన తొడపై తట్టి మొద్దుధ్వనిని, పొట్టపై తట్టి బోలుధ్వనిని, రొమ్ముపై తట్టి ఆ రెంటికిని నడిమిదగు మ్రోతను చెవి కలవాటు చేసికొనెను.

తరువాత నొకనాడు, ఊపిరితిత్తి చుట్టును నీరు చేరిన యొక వృద్ధుని వీపు పరీక్షించు నవకాశ మామెకు కలిగెను. ఆమె జంకుచుండగా, “కొట్టమ్మా, పర్లేదు. నాకేటీ నొప్పి లేదు” అని ఆ తాతయే ధైర్యము చెప్పెను. పైనుండి క్రిందికి తట్టుచు రాగా, కుడిప్రక్క నొకచోట మ్రోత ఒక్కసారిగా అణగిపోయి, వ్రేలిక్రింద బండను కొట్టినట్టి గట్టిదనము తోచెను. “ఒకటి, ఒకటి” అని తాతను పలుకుమని వీపున చేయి ఆనింపగా, ఎడమప్రక్క అరచేతికి తగిలిన కంపనము కుడిప్రక్క ఆ చోట తగులలేదు. నీరు అడ్డుపడి స్వరకంపనమును వెలికి రానీయదు. న్యుమోనియాలో ఊపిరితిత్తి గట్టిపడినచో ఇదే కంపనము హెచ్చును. తట్టినప్పుడు రెండును మొద్దుగనే పలికినను, చేయి ఈ రెంటిని వేరుపరుపగలదు. పిమ్మట తీసిన ఎక్స్‌రేలో నీటిమట్టము ఆమె గుర్తించిన తావుననే కనబడెను.

వినుటకు సాధనమగు స్టెతస్కోపు 1816లో పారిస్‌లోని నెకేర్ ఆసుపత్రిలో లాయెన్నెక్ అను వైద్యుడు చుట్టిన కాగితపు గొట్టముతో మొదలయ్యెను. ఆ కథ సుప్రసిద్ధము గనుక విస్తరింపను.

స్కానింగులు వచ్చిన పిదప ఈ శ్రమ యేల యని యడుగువారు కలరు. యంత్రము చూపగలదు గాని, ఏ యంత్రమున దేనిని వెదుకవలెనో ముందుగా తోపవలసినది వైద్యుని బుద్ధికే. అర్ధరాత్రి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఆయాసముతో వచ్చినవాని ప్రాణము పెక్కుసారులు ఆ తోచుటపైననే యాధారపడును. అంతకన్న ముఖ్యముగా, తన్ను తాకి, తన మాట విన్న వైద్యునితో రోగి దాచుకొన్న సంగతులను చెప్పుకొనును. నర్సుకైనను, ఫిజియోథెరపిస్టుకైనను ఇది వర్తించును.

ఆ బాలికకు దొరకినట్టి వేసవి అవకాశమును పెక్కురకు కలిగింపవచ్చును. అమెరికాలో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ అను దాతృసంస్థ 1988లో, వైద్యవృత్తిలో తగినంతగా చోటు దొరకని వర్గముల విద్యార్థులకై వేసవి శిక్షణ నారంభించెను. అది క్రమముగా దంతవైద్యము మొదలగు ఇతర ఆరోగ్యవృత్తులకును విస్తరించెను. విశాఖలో ఆంధ్ర వైద్యకళాశాల 1923లోనే నెలకొన్నది. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను వైద్యకళాశాలల కొదువ లేదు. వైద్యులు లేని కుటుంబములనుండి వచ్చు పల్లె పిల్లలకై మన కళాశాలలును వేసవిలో కొన్ని వారములు, రోగుల సమ్మతితో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, రుసుము లేకుండ వార్డుల తలుపులు తెరువవలెనని వాటి పెద్దలను వేడుకొనుచున్నాను.