అద్భుతకథలలో నాయికాబలము: 'నీలిగడ్డము' – 'ఫిచ్చర్ పక్షి'

అద్భుతకథలలోని నాయికలను విమర్శకులు తరచుగా రెండు తెగలుగా విభజించుచుందురు. పరుల రాకకై ఎదురుచూచువారు నిర్బలలనియు, సాహసించి గడప దాటువారు బలవతులనియు ఆ విభాగము. ఇది సుకరమే కాని సమగ్రము కాదు. సాహసమే బలమైనచో, నిషిద్ధమైన గది తలుపు తెరచిన ప్రతి వనితయు బలవతి కావలెను. కథలు అట్లు చెప్పుట లేదు. కావున ఒకే కథాబీజమునుండి మొలచిన రెండు కథలను ప్రక్కప్రక్కన నిలిపి, నాయికాబలము నిజముగా నెచ్చట నున్నదో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

మొదటిది ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో ప్రకటించిన సంపుటములోని 'నీలిగడ్డము'. రెండవది జర్మనీ దేశపు గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన సంపుటమున 46వ కథయైన 'ఫిచ్చర్ పక్షి'. ఆర్నె, థాంప్సన్, ఊథర్ పండితుల అంతర్జాతీయ కథాసూచిలో ఇవి 312, 311 సంఖ్యలతో ఇరుగుపొరుగున నున్నవి. గ్రిమ్ సోదరులు 1812లో 'నీలిగడ్డము'ను గూడ తమ సంపుటమున చేర్చి, 1819 నాటి ద్వితీయ ముద్రణమున తొలగించిరి. 'ఫిచ్చర్ పక్షి' మాత్రము నిలిచినది.

పెరో కథలో ధనికుడైన భర్త ప్రయాణమై పోవుచు భార్యకు తాళపుచెవులన్నియు నిచ్చి, ఒక చిన్నగదిని మాత్రము తెరువవలదనును. ఆమె తెరచును, పూర్వభార్యల శవములను చూచును. చేతినుండి జారి నెత్తుట పడిన తాళపుచెవి మంత్రించినదగుటచే, ఒకవైపు తుడిచినచో మరక రెండవవైపున తేలును. భర్త మరలివచ్చి వధింప నుద్యుక్తుడగును. ప్రార్థనకని ఆమె కొంత వ్యవధి వేడి, అక్క ఆన్‌ను గోపురముపైకి పంపును. అన్నదమ్ములు గుఱ్ఱములపై వచ్చి వానిని చంపుదురు.

గ్రిమ్ కథలో మాంత్రికుడు బిచ్చగాని వేషమున వచ్చి, తాకినంతమాత్రమున కన్యలు తన వీపుమీది గంపలో దూకునట్లు చేయును. ముగ్గురు అక్కచెల్లెండ్రలో పెద్దదానిని గొనిపోయి, తాళపుచెవులతోపాటు ఒక గ్రుడ్డును గూడ నిచ్చి, దానిని ఎల్లవేళల వెంట నుంచుకొనుమనును. ఆమె నిషిద్ధగృహమున నెత్తుటితొట్టిని చూచి బెదరగా గ్రుడ్డు అందు పడును, మరక మాయదు, ఆమె హతురాలగును. రెండవదానికిని ఇదే గతి. మూడవది ముందుగా గ్రుడ్డును భద్రపరచి, పిదపనే ఆ గది తెరచును. తునుకలైన అక్కల అవయవములను వరుసగా కూర్చి వారిని బ్రతికించును. మచ్చలేని గ్రుడ్డును చూచి మాంత్రికుడు ఆమెను వధువుగా నెంచును. ఆ క్షణమునుండి వానికి ఆమెపై అధికారము తొలగిపోవును.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ముగ్గురును ఆజ్ఞను మీరినవారే. మూడవదాని విశేషము విధేయత కాదు. సాహసమును కాదు, అది అక్కలకును కలదు. పరీక్షాసాధనము గది కాదు, గ్రుడ్డు అని గ్రహించుటయే ఆమె విశేషము. పెరో నాయికకు ఈ గ్రహణమున కవకాశమే లేదు. తాళపుచెవి లేనిదే తలుపు తెరువరాదు. నేరమునకు సాధనమైనదే సాక్ష్యమును నగుచున్నది. గ్రుడ్డును మాత్రము ఎడముగా నుంచవచ్చును. ఈ చిన్న వస్తుభేదమే నాయిక బుద్ధికి చోటు కల్పించినది.

రెండు కథలలోను తుదకు రక్షించువారు సోదరులే కదా, ఇక భేదమేమని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము బలమైనదే. అయినను సోదరులు వచ్చు విధము వేరు. పెరో కథలో వారు ఆనాడు వత్తుమని ముందే మాట యిచ్చినవారు. నాయిక చేయగలిగినది కాలయాపనము మాత్రమే. గ్రిమ్ కథ తరువాతి ముద్రణములలో, ఇల్లు చేరిన తోడనే సహాయము పంపుడని నాయికయే అక్కలకు చెప్పును. వారిని గంపలో దాచి, పైన బంగారము కప్పి, మాంత్రికునిచేతనే మోయించును. కన్యలను అపహరించిన ఆ వీపే వారిని పుట్టినింటికి చేర్చినది. ఆమె పుర్రెకు నగలు, పూలు తొడిగి పెండ్లికూతురివలె కిటికీలో నిలిపి, తేనెపీపాలో మునిగి, పరుపులోని ఈకలలో పొర్లి, వింతపక్షియై అతిథులయు వరునియు ఎదుటనే వెడలిపోవును. సోదరులు వచ్చి ఇంటికి నిప్పంటించుట ఆమె యుక్తికి ఫలశ్రుతి.

ఇట్లయిన కథ కపటమును మెచ్చుచున్నదా? పెరో తన కథకు నీతిని జోడించి కుతూహలమును నిందించెను; హంతకునికంటె తలుపు తెరచిన భార్యయే అచ్చట ఉపదేశమునకు గురియైనది. గ్రిమ్ కథ ఏ నీతిని చెప్పదు. చంపదలచినవానికి సత్యము చెప్పవలెనను నియమమును నాయికపై మోపదు. ఆమె దాచినది తన ప్రాణము కొరకు మాత్రమే కాదు, తోబుట్టువుల ప్రాణముల కొరకును. బలమునకు ప్రయోజనము తోడైనది.

అదే సంపుటమున 40వ కథ 'దొంగ పెండ్లికొడుకు'లో బలము మరొక రూపమున నున్నది. తాను కన్నులార చూచిన హత్యను నాయిక పెండ్లివిందులో కలగా చెప్పుచు, తుదకు హతురాలి ఉంగరపు వ్రేలిని ఎల్లర ముందుంచును. అచ్చట మాటయే ఆయుధము. గ్రిమ్ కథలలో స్త్రీపాత్రల మౌనమును రూత్ బోటిగ్‌హైమర్ 1987 నాటి గ్రంథమున విస్తరించి చర్చించిరి. ఆ మౌనము నడుమ ఈ వాక్కునకు విలువ హెచ్చు.

కావున నాయికాబలమును ఓర్పుచేతగాని తెగువచేతగాని కొలుచుట చాలదు. పరీక్ష ఎవరిది, దాని సాధనమేది, తప్పించుకొనినపుడు నాయిక వెంట ఎవరిని తీసికొనిపోయినది అను ప్రశ్నలు వేయవలెను. తరగతిలో 'నీలిగడ్డము' నొక్కదానినే బోధించినచో విద్యార్థికి దక్కునది కుతూహలమునకు దండనమను పాఠమే. రెండింటిని కలిపి బోధించినచో, అదే గది తెరచిన స్త్రీ అక్కలను వెంటనిడుకొని తిరిగివచ్చుటయు కథాసంప్రదాయమున భాగమేనని తెలియును.