తెలుగు విభక్తి – ఆంగ్ల సర్వనామం : మైత్రీవనం పాఠ్యపట్టికపై ఒక విమర్శ

హైదరాబాదులో అమీర్‌పేటను ఆనుకొని ఉన్న మైత్రీవనం సాఫ్ట్‌వేర్ కోర్సులకే కాక స్పోకెన్ ఇంగ్లీషు తరగతులకు కూడా పేరుపొందిన ప్రాంతం. ఉభయ తెలుగు రాష్ట్రాల నుంచి అక్కడికి చేరే పట్టభద్రులలో తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఉద్యోగపు ఇంటర్వ్యూలో తొలి అవరోధం ఆంగ్ల వాక్యమే. ఇటువంటి తరగతులలోనూ, తెలుగువారికోసం వెలువడే 'సులభ ఆంగ్ల' పుస్తకాలలోనూ ఆరంభంలోనే ఎదురయ్యేది సర్వనామాల పట్టిక. 'ఐ' అంటే నేను. 'మి' అంటే నన్ను, నాకు. 'హి' అంటే అతడు. 'హిమ్' అంటే అతనిని, అతనికి. గడులను విడివిడిగా చూస్తే తప్పేమీ కనిపించదు. వాక్యంలోకి దిగేసరికి పట్టిక దారి తప్పిస్తుంది.

చిక్కు ప్రధానంగా చతుర్థీ విభక్తి దగ్గర ఉంది. 'నాకు ఆకలిగా ఉంది', 'నాకు ఈత వచ్చు', 'నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు', 'నాకు సెలవు కావాలి' అనే నాలుగు వాక్యాలకూ ఆంగ్లంలో కర్త 'ఐ'. పట్టిక మాత్రం 'నాకు' అంటే 'మి' అని చెప్పి ఊరుకుంది. 'మీ సంస్థ నాకు నచ్చింది' అనదలచిన అభ్యర్థి ఆ పట్టికను నమ్మి పదానికి పదం పేర్చుకుంటే 'యువర్ కంపెనీ లైక్స్ మి' అవుతుంది. అంటే సంస్థకే తాను నచ్చినట్టు! తెలుగులో 'సంస్థ' ప్రథమా విభక్తిలో ఉంది, క్రియ దానినే అనుసరించింది. ఆంగ్లంలో ఇష్టపడే వ్యక్తి కర్త, నచ్చిన వస్తువు కర్మ. పదాల అర్థాలు తెలిసినా వాక్యార్థం తలకిందులు కావడానికి కారణం ఇదే.

అనుభవించేవారిని చతుర్థిలో నిలిపే ఈ నిర్మాణం తెలుగుకు మాత్రమే ప్రత్యేకం కాదు. ఇతర ద్రావిడ భాషలలోనూ, హిందీలోనూ ఉంది. ప్రాచీన ఆంగ్లంలోనూ ఉండేది. షేక్‌స్పియర్ కాలానికి 'మిథింక్స్' వంటి మాటలలో దాని అవశేషం మిగిలింది. ఆధునిక ఆంగ్లం దానిని దాదాపు వదులుకుంది.

రెండవ వైపు నుంచి చూస్తే 'నన్ను అడిగాడు', 'నాకు చెప్పాడు', 'నాతో అన్నాడు', 'నా గురించి రాశాడు' అన్నింటికీ 'మి' ఒక్కటే రూపం. 'హి సెడ్ మి' అనేవారు తప్పుతున్నది సర్వనామంలో కాదు, 'టు' అనే విభక్త్యర్థక పదాన్ని వదిలేయడంలో. బోధకులు ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల విద్యార్థి సరిగా ఉన్న రూపాన్ని కూడా అనుమానిస్తాడు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే కారకానికి ప్రత్యేక పరిచ్ఛేదం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ ఆంగ్లంలో రచించిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వెలువడింది. తెలుగు విభక్తిని వివరించే సామగ్రికి కొరత లేదు. అది తరగతి గది దాకా రాలేదు.

'తెలుగులో ఆలోచించవద్దు' అన్న ఉపదేశం మరింత నష్టకరం. సముచ్చయ వాక్యాలనే తీసుకోవచ్చు. 'బిట్వీన్ యు అండ్ ఐ' అనే ప్రయోగం ఆంగ్లం మాతృభాషగా గలవారి నోటనే తరచు వినిపిస్తుంది. 'యు అండ్ మి' అంటే ఎక్కడ తప్పవుతుందోనన్న భయం దానికి మూలం. తెలుగు ప్రతి పదానికీ విడిగా విభక్తిని చేరుస్తుంది: 'నీకూ నాకూ మధ్య', 'రవినీ నన్నూ పిలిచారు', 'రవీ నేనూ వెళ్లాం'. 'నన్నూ' ఉన్నచోట 'మి', 'నేనూ' ఉన్నచోట 'ఐ' అని తేల్చుకోవడానికి తెలుగు విద్యార్థికి మాతృభాషే ఆధారం. ఇంత చక్కని వసతిని కాదని అతనిని ఆంగ్లేయుని సందిగ్ధంలోకి నెట్టడం విచిత్రం.

ఈ ఆధారం అన్నిచోట్లా పనిచేయదు. తలుపు తట్టినవాడు తెలుగులో 'నేనే' అంటాడు. వాడుక ఆంగ్లంలో 'ఇట్స్ మి' అంటాడు. 'ఇట్ ఈజ్ ఐ' అన్న రూపాన్ని లాటిన్ సంప్రదాయం ఒప్పుతుంది గాని సంభాషణలో అది కృతకంగా వినిపిస్తుంది. సర్వనామాల విభక్తి మార్పులను యెస్పర్సన్ 1894లోనే ఒక అధ్యాయంగా చర్చించాడు. ఇక్కడ పట్టికా తోడురాదు, తెలుగూ తోడురాదు; చెవికి అలవాటు కావలసిందే.